ఎర్రబడిన ముఖం, అరలోని ట్యూబు



కోరుట్లలో, జగిత్యాలలో, సిరిసిల్లలో మే నెల ఎండకు ఎవరి ముఖమైనా కందిపోతుంది. నీడపట్టుకు వచ్చి రెండు దోసిళ్ల చల్లటి నీళ్లు చల్లుకుంటే కాసేపట్లో మామూలవుతుంది. అలా మామూలు కాని ముఖాలు కొన్ని ఉంటాయి. బుగ్గలు, ముక్కు, నుదుటి నడిమి భాగం, గడ్డం... ఈ చోట్ల సెగ తగిలినట్టు మంట మొదలై చాలాసేపు తగ్గదు. నాలుగు రోజులకు మళ్లీ వస్తుంది. అలా వస్తూ పోతూ కొన్నాళ్లకు ఆ ఎరుపు అక్కడే నిలిచిపోతుంది. దానిమీద చిన్నచిన్న పొక్కులు లేస్తాయి. ఇంట్లోవాళ్లు వేడి చేసిందంటారు. పక్కింటివాళ్లు మొటిమలంటారు. మందుల దుకాణంలో ఒక ట్యూబు చేతిలో పెడతారు.

వైద్యులు దీన్ని రోజేషియా అంటారు. ఇది ముఖచర్మానికి వచ్చే దీర్ఘకాలిక సమస్య. ఒకరి తువ్వాల మరొకరు వాడినంత మాత్రాన, ఒకే కంచంలో తిన్నంత మాత్రాన అంటుకోదు. ముఖం సరిగా కడుక్కోకపోవడం వల్ల వచ్చేదీ కాదు. ఎక్కువగా ముప్పై దాటాక మొదలవుతుంది. ఆడవాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. ముక్కు చర్మం మందమై గడ్డలు కట్టే రకం మాత్రం మగవాళ్లలో ఎక్కువ. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2018లో వేసిన ఒక అంచనా ప్రకారం పెద్దవాళ్లలో నూటికి ఐదుగురికి పైగా ఇది ఉంది. మొటిమలకూ దీనికీ ఒక తేడా సులువుగా పట్టుకోవచ్చు. మొటిమలున్న ముఖంలో నల్లని, తెల్లని మొనలు కనిపిస్తాయి. రోజేషియా పొక్కుల్లో అవి ఉండవు.

ఇది తెల్లవాళ్ల జబ్బు అని చాలాకాలం అనుకున్నారు. వైద్య గ్రంథాల్లోని ఫొటోల్లో చాలావరకు పాలిపోయిన ఐరోపా ముఖాలవే కావడం అందుకు ఒక కారణం. చామనఛాయ ముఖం మీద ఎరుపు అంత తేలికగా కంటికి ఆనదు. ముదురు గోధుమరంగులోనో కాస్త ఊదాగానో కనిపించి, ఎండకు కమిలిందని అనిపిస్తుంది. అందుకే మన దగ్గర కంటికి కనిపించేదాని కన్నా మనిషి చెప్పేదాన్ని ఎక్కువగా వినాలి. సబ్బు తగిలితే చురుక్కుమంటుందా? నిన్నటిదాకా పడిన క్రీము ఇవాళ మండుతోందా? పొయ్యి దగ్గర నిలబడితే బుగ్గలు కాలుతున్నట్టు ఉంటుందా? చర్మవైద్యులు చేసే చిన్న పరీక్ష ఒకటుంది. పల్చని గాజు పలకను బుగ్గకు ఆనించి మెల్లగా నొక్కుతారు. లోపలి రక్తం పక్కకు జరిగి ఆ చోటు పాలిపోతుంది. పలక తీయగానే రంగు మళ్లీ తిరిగొస్తుంది. అంటే ఆ రంగు మచ్చది కాదు, ఉబ్బిన సన్నని రక్తనాళాలది. మచ్చయితే ఎంత నొక్కినా పోదు.

ఎందుకిలా అవుతుంది? చర్మంలో పుట్టుకతోనే ఉండే రక్షణ వ్యవస్థ అవసరానికి మించి స్పందించడం ఒక కారణం. అమెరికాలో రిచర్డ్ గాలో బృందం 2007లో, ఈ జబ్బున్నవాళ్ల ముఖచర్మంలో సూక్ష్మక్రిములను చంపే ఒక ప్రోటీను మామూలుకన్నా చాలా ఎక్కువగా, పైగా వేరే రూపంలో ఉందని చూపించింది. క్రిముల మీదికి పోవాల్సిన ఆయుధం సొంత చర్మాన్నే వాపెక్కిస్తోందన్నమాట. అందరి ముఖాల మీదా బతికే డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగులు ఈ ముఖాల మీద ఎక్కువగా పెరగడం మరో సంగతి. ఇంకో కారణం నరాల్లో ఉంది. తెలుగువాళ్లు వినాల్సిన కథ అది.

మిరపకాయ నాలుకను ఎందుకు మండిస్తుందో తెలుసుకోవాలని కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త పూనుకున్నారు. మిరపలోని కారాన్ని పసిగట్టే గ్రాహకాన్ని ఆయన బృందం 1997లో కనిపెట్టింది. తీరా చూస్తే అదే గ్రాహకం సుమారు 43 డిగ్రీల వేడికి కూడా స్పందిస్తోంది. ఆ పనికి 2021లో నోబెల్ వచ్చింది. రోజేషియా ఉన్న చర్మంలో ఈ రకం గ్రాహకాలు మరింత చురుకుగా ఉంటాయి. మండుటెండా, మంట సెగా, ఎల్లిగడ్డ కారమూ తట్టేది ఒకే తలుపు. ఆ తలుపు వీళ్లకు చిన్న తాకిడికే తెరుచుకుంటుంది. మిరపకారం తిన్న పావుగంటకు బుగ్గలు భగ్గుమనడం ఎవరి ఊహా కాదు.

ఇప్పుడు సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు పనులను చూడాలి. సిరిసిల్లలో సాంచాలు నడిపేవాళ్లు రేకుల కప్పు కింద గంటల తరబడి నిలబడే ఉంటారు. ఎండాకాలం బయట 45 డిగ్రీలు దాటిన రోజున లోపల మోటార్ల వేడి కూడా కలుస్తుంది. మెట్‌పల్లి, కోరుట్ల వైపు పసుపు తవ్వాక కొమ్ములు ఉడకబెట్టే రోజుల్లో ఆవిరి నేరుగా ముఖానికి కొడుతుంది. పెళ్లిళ్లకు వంట చేసేవాళ్లకు, మిర్చి బజ్జీల బండి నడిపేవాళ్లకు నూనె మూకుడు ముందే సగం జీవితం గడుస్తుంది. ఇక దుబాయి, సౌదీ, మస్కట్ వెళ్లినవాళ్లు లేని ఊరు జగిత్యాల జిల్లాలో వెతికినా దొరకదు. ఎండదెబ్బ భయంతోనే ఎమిరేట్స్‌లో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఆరుబయట ఎండలో పనిని నిషేధించారు. ప్రాణం కాపాడేందుకు పెట్టిన ఆ నియమం ముఖానికీ మేలు చేస్తుంది. ఆ రెండున్నర గంటలు గదిలోనో నీడలోనో గడపాలి.

రోజేషియా తెల్లవాళ్ల దేశాల్లోనూ ఉంది, ఇక్కడా ఉంది. అయితే ఈ ప్రాంతంలో ముఖాలు ఎర్రబడటానికి ఇంకో పెద్ద కారణం ఉంది. అది ఎండలోంచీ కారంలోంచీ వచ్చింది కాదు. ట్యూబులోంచి వచ్చింది.

1952లో న్యూయార్క్‌లో మారియన్ సుల్జ్‌బర్గర్, విక్టర్ విటెన్ అనే వైద్యులు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడును పైపూతగా వాడి, ఎగ్జిమా లాంటి దురదలు చూస్తుండగానే తగ్గుతాయని ప్రకటించారు. చర్మవైద్యంలో అది నిజంగా గొప్ప మలుపు. ఆ తర్వాతి ఏళ్లలో దానికన్నా ఎన్నో రెట్లు బలమైనవి వచ్చాయి. ఏ పూత ఎంత బలమైందో తేల్చాలి కదా? 1962లో మెకెంజీ, స్టౌటన్ అనే ఇద్దరు ఒక పద్ధతి కనిపెట్టారు. మందును ముంజేతి మీద రాసి, కొన్ని గంటల తర్వాత ఆ చోటు ఎంత తెల్లబడిందో చూడటమే ఆ పద్ధతి. స్టెరాయిడు రక్తనాళాలను బిగిస్తుంది, రక్తం తగ్గి చర్మం పాలిపోతుంది. ఎంత పాలిపోతే మందు అంత బలమైనదన్న లెక్క. అంటే బలమైన స్టెరాయిడు రాసిన ముఖం తెల్లబడినట్టు కనిపించడం ఆ మందు స్వభావంలోనే ఉంది. అందం పెరిగిందని అద్దంలో చూసి మురిసిపోయేది, బిగుసుకుపోయిన రక్తనాళాలను చూసి.

ఈ ట్యూబు ఇంట్లోకి ఎన్ని దారుల్లో వస్తుందో గమనిస్తే గుండె బరువెక్కుతుంది. తొలిచూలు కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు మచ్చలు వస్తాయి. వాటికి మూడు మందులు కలిపిన క్రీము ఇస్తారు. అందులో ఒకటి స్టెరాయిడు. కొద్ది వారాలకని రాసిస్తే ఏళ్లకేళ్లు నడుస్తుంది. తామరకు తెచ్చిన ట్యూబు సగం మిగిలి అరలో ఉంటుంది. దురద ఎక్కడ వచ్చినా ఇంటిల్లిపాదీ అదే రాసుకుంటారు. గడ్డం గీసుకున్నాక మంటకు మగవాళ్లు రాసుకుంటారు. పెళ్లిచూపులు దగ్గర పడ్డ అమ్మాయికి ‘నెలలో తెల్లబడతావు’ అని స్నేహితురాలు పేరు చెబుతుంది. దుకాణంలో ఎవరూ చీటీ అడగరు.

వాడటం మొదలుపెట్టిన తొలి వారాల్లో అంతా బాగుంటుంది. మెల్లగా చర్మం పల్చబడుతుంది. దారపు పోగుల్లాంటి ఎర్రని రక్తనాళాలు బయటపడతాయి. పొక్కులు లేస్తాయి, ఆడవాళ్లకు బుగ్గల మీద సన్నని నూగు పెరుగుతుంది. ఎండలోకి వెళ్తే భరించలేని మంట. భయపడి మానేస్తే ఇన్నాళ్లూ బిగిసి ఉన్న నాళాలు ఒక్కసారిగా వదులై, కొద్ది రోజుల్లోనే ముఖం ఎర్రగా ఉబ్బిపోతుంది. మళ్లీ రాయగానే తగ్గుతుంది. క్రీము మానడం వల్లే ముఖం పాడైందని మనిషికి గట్టి నమ్మకం కుదిరేది సరిగ్గా అప్పుడే. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఇయాన్ స్నెడన్ అనే వైద్యుడు 1969లోనే దీన్ని హెచ్చరించారు. మామూలు రోజేషియాకు స్టెరాయిడు పూస్తే అది మరింత ముదురుతుందని రాశారు. యాభై ఏళ్లు దాటినా ఆ హెచ్చరిక మన దుకాణం గల్లాపెట్టె దాకా రాలేదు.

మన దేశం లెక్కలూ ఉన్నాయి. దేశవ్యాప్తంగా 12 చర్మవైద్య కేంద్రాల్లో చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని చూశారు. వారిలో 433 మంది ముఖానికి స్టెరాయిడు రాస్తున్నవాళ్లే. ఆ 433 మందిలో 257 మందికి ఆ మందు చెప్పింది వైద్యులు కాదు. తెల్లబడాలనో, మామూలు క్రీము లాగానో వాడుతున్నవాళ్లు 126 మంది. దుష్ఫలితాలు కనిపించినవాళ్లు 392 మంది, అంటే పదిమందిలో తొమ్మిదిమంది. ఇలాంటి ముఖానికి మన చర్మవైద్యులు పెట్టిన పేరు ‘స్టెరాయిడు దెబ్బతిన్న ముఖం’. వాళ్ల సంఘం దీని మీద ప్రత్యేకంగా ఒక కార్యదళాన్నే పెట్టుకుని ప్రభుత్వం వెంటపడింది. 2018 మార్చి 23న కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడు పూతలను చీటీ లేకుండా అమ్మకూడదని ప్రకటన ఇచ్చింది. కాగితం మీద అది మంచి ఆదేశం. దుకాణంలో అది అమలయ్యేది కొనేవాళ్లు ట్యూబు తిప్పి చదివినప్పుడే.

చదవడం కష్టమేమీ కాదు. పెట్టె మీద ఎడమవైపు పైమూలన ఆర్‌ఎక్స్ అనే గుర్తు ఉంటే అది వైద్యుడు రాస్తేనే వాడాల్సిన మందు. కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాన్ని వదిలేసి కింద చిన్న అక్షరాల్లోకి వెళ్లాలి. బీటామెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూటికాసోన్, డెక్సామెథాసోన్... చాలావాటి పేర్లు ‘సోన్’తో ముగుస్తాయి. ముగియనివాటిలో చాలా బలమైనది క్లోబెటసాల్. ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో బడికి పోయే పిల్లల చేత చదివించుకోవచ్చు. ఈ మందులు చెడ్డవని కాదు. సోరియాసిస్‌కు, మొండి ఎగ్జిమాకు ఇవే దిక్కు. ముఖం వాటికి తగిన చోటు కాదు, అంతే.

దుకాణానికి వెళ్లేవాళ్లను తెలివితక్కువవాళ్లనడం అన్యాయం. బీడీలు చుట్టే ఆమెకు కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. సాంచాల మీద పనిచేసేవారికి నేసిన బట్ట లెక్కన వస్తుంది. ఆసుపత్రి వరుసలో నిలబడిన పూట ఆ లెక్క సున్నా. వీధి చివర దుకాణంలో ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఈ సంగతి తెలియకుండా ‘డాక్టరుకు చూపించుకోండి’ అని చెప్పడం ఎంత తేలికో, పాటించడం అంత కష్టం.

ఈ జబ్బు తెచ్చే మరో బాధ మాటలది. ఎర్రబడిన ముక్కు చూస్తే కల్లు కాంపౌండు గుర్తుకొస్తుంది జనానికి. మందు తాగితే ఉన్న రోజేషియా రేగుతుందన్నది నిజం. ఒక్క చుక్క ముట్టనివాళ్లకూ ఇది వస్తుందన్నదీ అంతే నిజం. అమెరికా బ్యాంకింగును శాసించిన జె.పి. మోర్గాన్‌కు ముక్కు గడ్డలు కట్టి ఉబ్బిపోయింది. ఫొటో తీయించుకోవడమంటే ఆయనకు ఇష్టం ఉండేది కాదు, తీసినవాటిలో ముక్కును దిద్దేవారు. ప్రపంచంలోని డబ్బంతా ఉన్న మనిషి పరిస్థితే అది. బతుకమ్మ దగ్గర, పెళ్లి పందిట్లో, కనిపించిన ప్రతివాళ్లూ ‘మొఖానికేమైంది’ అని అడుగుతుంటే జవాబు చెప్పలేక ఇంట్లోనే ఉండిపోయే ఆడబిడ్డ బాధను చిన్నదనుకోకూడదు. అలా అడగడం మానితే అదే సగం వైద్యం.

కళ్ల సంగతి వేరుగా చెప్పాలి. రోజేషియా ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి అది కళ్లనూ తాకుతుంది. ఇసుక పడ్డట్టు గరగర, ఎరుపు, రెప్పల అంచున పొట్టు, మాటిమాటికీ కంటి కురుపులు. సాంచాల దగ్గరివాళ్లు దాన్ని నూలు దుమ్ము అనుకుంటారు, కట్టెల పొయ్యి దగ్గరివాళ్లు పొగ అనుకుంటారు, బీడీ చుట్టేవాళ్లు తంబాకు అనుకుంటారు. అవీ కారణాలు కావచ్చు. బుగ్గలు కూడా ఎర్రగా ఉంటే మాత్రం ఆ సంగతి కంటి వైద్యుడికి చెప్పి తీరాలి. వెలుతురు చూడలేకపోవడం, నొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆలస్యం చేయకూడదు. నల్లగుడ్డు మీద పుండు పడే ప్రమాదం ఉంది.

రోజేషియా పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. మెట్రోనిడజోల్ జెల్, అజెలాయిక్ యాసిడ్, ఐవర్‌మెక్టిన్ క్రీము పైపూతగా వాడతారు. పొక్కులు ఎక్కువైతే డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. గర్భిణులకు, చిన్నపిల్లలకు వాటిని ఇవ్వరు. కాబట్టి నెల తప్పిన సంగతి దాచకుండా చెప్పాలి. ఐవర్‌మెక్టిన్ పేరు గొర్రెల కాపరులకు బాగా తెలుసు. జపాన్ మట్టిలో సతోషి ఒమురా పట్టుకున్న సూక్ష్మజీవి నుంచి వచ్చిన ఆ మందుకు 2015లో నోబెల్ దక్కింది. ముఖానికి వాడేది నూటికి ఒక వంతు బలంతో ప్రత్యేకంగా చేసిన క్రీము. గొర్రెలకు వేసే మందు ముఖానికి పూయడం ప్రమాదం. ఏ మందుకైనా రెండు మూడు నెలల గడువివ్వాలి. స్టెరాయిడుకు అలవాటుపడ్డ కళ్లకు ఈ నిదానం నచ్చదు. పది రోజులకే విసుగొచ్చి పాత ట్యూబుకు పోయేవాళ్లు చాలామంది. ఉబ్బిన నాళాలకు లేజరు ఉంది గానీ ఖర్చెక్కువ, పైగా చామనఛాయ చర్మం మీద మచ్చ పడకుండా చేయగల చేయి కావాలి.

ఇంట్లో చేసుకోగలిగినవి చాలావరకు ఖర్చు లేనివే. గోరువెచ్చని నీళ్లు, వాసన లేని మెత్తటి సబ్బు, వేళ్ల కొసలతో కడగడం, నూలు గుడ్డతో అద్దడం. నిమ్మరసం, సున్నిపిండి నలుగు, ముఖానికి ఆవిరి, పార్లరులో బ్లీచు వద్దు. పసుపు పండే నేల కాబట్టి పసుపు పూత మానమంటే మనసొప్పకపోవచ్చు. మండుతున్న చర్మం మీద ఏదైనా రుద్దడమే తప్పు, అది పసుపైనా సరే. బయటికి వెళ్తే వదులైన నూలు చున్నీ, గొడుగు, జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ 30 పూత. చాయ్ మానక్కర్లేదు. వేడి కాఫీ, వేడినీళ్లు, చల్లటి కాఫీ తాగించి 1981లో చేసిన పరీక్షలో, ముఖాన్ని ఎర్రబరిచింది కెఫీన్ కాదు, వేడి అని తేలింది. చల్లారబెట్టుకుని తాగితే సరిపోతుంది. కారం అందరికీ పడకపోవాలని లేదు. ఎవరికి ఏది పడదో తెలియాలంటే గోడ క్యాలెండరు మీద మంట వచ్చిన రోజున చిన్న గుర్తు పెట్టి, ఆ పూట తిన్నదీ తిరిగిందీ రెండు ముక్కలు రాసుకోవాలి. రెండు నెలలకు ఎవరి జాబితా వాళ్లకే కనిపిస్తుంది.

ఏ ఎరుపైనా రోజేషియానే అనుకోవడమూ పొరపాటే. ఎరుపుతో పాటు కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం, నోట్లో పుండ్లు ఉంటే లూపస్ అనే జబ్బు కావచ్చు. స్పర్శ తెలియని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష చేయించాలి. అది పూర్తిగా నయమయ్యే జబ్బు, ప్రభుత్వం మందు ఉచితంగా ఇస్తుంది.

జగిత్యాలలో 2022 నవంబరులో, సిరిసిల్లలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వైద్య కళాశాల ఉన్నచోట చర్మవ్యాధుల విభాగం ఉండాలన్నది నియమం. కోరుట్లవాళ్లకు జగిత్యాల దగ్గరే. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, ఒక కవరులో వేసుకుని తీసుకెళ్లాలి. ఎన్నాళ్ల నుంచి రాస్తున్నారో దాచకూడదు. ఎందుకంటే ఏళ్లుగా రాస్తున్న బలమైన స్టెరాయిడును ఒక్కరోజులో ఆపాలా, తక్కువ బలమున్నదానికి మార్చి మెల్లగా ఆపాలా అన్నది వైద్యుడు ఆ లెక్కను బట్టే తేలుస్తాడు. పొద్దున ఓపీ వేళకు ముఖం చల్లబడి మామూలుగా కనిపించవచ్చు. కాబట్టి సాయంత్రం మంట రేగినప్పుడు ఫోనులో వెలుతురు వైపు తిరిగి తీసిన రెండు ఫొటోలు, గుర్తులు పెట్టిన క్యాలెండరు కాగితం కూడా ఆ కవరులోనే పెట్టుకోవాలి.